అచ్చేస్తే తగ్గిందా బాబూ?

విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయికి లారీ బాడీలు కట్టే షెడ్డుంది. మిషిగన్ నుంచి సెలవుకొచ్చినప్పుడల్లా సాయంత్రాలు అక్కడే గడుపుతాను. మొన్న టీ తాగుతూ మా కంపెనీ సంగతి ఎత్తాను. కార్ల విడిభాగాలు చేస్తాం. ఆర్డర్లు పడిపోయి మూడు షిఫ్టులు రెండయ్యాయి. లైన్ మీద పనిచేసేవాళ్లకు ఓవర్‌టైం పోయింది, ఈ ఏడు జీతాల పెంపూ లేదన్నారు. అదే నెలలో పైనున్న నలుగురికి మాత్రం, వదిలి వెళ్లిపోకుండా ఉంటారని బోనస్ ఇచ్చారు.

"దొంగ వెధవలు" అన్నాడు బాబాయి.

ఎందుకో ఆ దేశాన్ని వెనకేసుకు రాబుద్ధయింది. "అక్కడ దాపరికం ఉండదు బాబాయ్. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీ అయితే, పెద్దాయన జీతం సరిగ్గా మధ్యనున్న ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో లెక్కేసి అచ్చేయాలి. 2010లో చట్టం చేశారు, 2018 నుంచి లెక్కలు బయటికొస్తున్నాయి. జనరల్ మోటార్స్‌లో 2022కి 362 రెట్లు" అన్నాను, ఆ అంకె నా సొంత ఆస్తయినట్టు.

వెల్డింగ్ చేస్తున్న మేస్త్రి ముఖానికున్న అద్దం పైకెత్తాడు. "అచ్చేస్తే తగ్గిందా బాబూ?" అని, మళ్లీ దించుకుని పనిలో పడ్డాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన దగ్గరా 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీలను ఇలాంటి లెక్కే అడుగుతుంది. నేనేమో అమెరికావాళ్లే కనిపెట్టినట్టు చెప్పుకొచ్చాను. పోనీ, జవాబు లేదా అంటే ఉంది. 2023లో డెట్రాయిట్ కార్ల కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, సీఈఓల జీతాలు దాదాపు 40 శాతం పెరిగాయి, మాకూ అంతే పెంచమన్నారు. నాలుగున్నరేళ్లలో 25 శాతం సాధించుకున్నారు. తగ్గలేదు మేస్త్రీ, కింద కొంచెం పెరిగింది అనాల్సింది.

కానీ అది యూనియన్ ఉన్నచోటి మాట. మా కంపెనీలో లేదు. బోనస్ సంగతి బయటపడ్డ రోజు, నాకు మొదటి చలికాలంలో తన పాత కోటిచ్చిన ఆపరేటర్ క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని "ఇది న్యాయమేనా?" అన్నాడు. నేను ఫోన్ చూసుకున్నాను. ఉద్యోగం పోతే వీసా మీద నాకుండేది 60 రోజుల గడువు. ఇంటి లోను, పిల్ల బడి... ఇదంతా ఆయనకు చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

ఏమాటకామాట, మా బాబాయి అలాంటివాడు కాదు. 2020లో లాక్‌డౌన్ పెట్టి షెడ్డు మూతబడితే, పిన్ని గాజులు తాకట్టు పెట్టి సగం బట్వాడా ఇచ్చాడు. ఏ సీఈఓ ఇస్తాడు చెప్పండి?

శనివారం బట్వాడాకు నేనూ ఉన్నాను. మాసిన గుడ్డసంచీలోంచి నోట్లు తీసి, వేలు తడుపుకుంటూ లెక్కపెట్టాడు బాబాయి. పీఎఫ్, ఈఎస్ఐ లాంటివేమీ లేవు. ఉన్నదల్లా నూనె మరకలు పడ్డ అడ్వాన్సుల పుస్తకం. మేస్త్రి దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు.

"కంటి ఆపరేషన్‌కి తీసుకున్నది ఇంకెంతుందో చదువు బాబూ."

నలభై రెండు వేలు. రెండుసార్లు చదివించుకున్నాడు. బాబాయి ఫోన్ చూసుకుంటున్నాడు.