దుమ్ములగొండి తిన్నదా, మనిషి తిన్నాడా?

మాస్టర్స్ చివర్లో ప్రాజెక్టుకని నా చేతికి ఒక అట్టపెట్టె ఇచ్చారు. ఫ్రాన్స్ నైరుతి ప్రాంతంలోని ఒక గుహలో ఎప్పుడో తవ్వి తీసిన ఎముకలు, ఆరు వందలకు పైగా ముక్కలు. అక్కడున్న నియాండర్తల్ మనుషులు, అంటే మనకు దగ్గరి బంధువులై ఎప్పుడో అంతరించిపోయిన పాతకాలపు మనుషులు, ఏం తిన్నారో నాలుగు నెలల్లో తేల్చాలి. ఫోన్‌లో చెబితే అమ్మ ఒకటే నవ్వు. "గంత ఖర్చు పెట్టుకొని పోయి బొక్కలు ఏరుతున్నవారా?"

మొదటి నెలంతా నిజంగా ఏరడమే. ల్యాబ్‌లో గుర్రం, బైసన్, ఎర్రజింక, రెయిన్‌డీర్ ఎముకలు విడివిడిగా డ్రాయర్లలో ఉంటాయి. ముక్కను పట్టుకుని ఒక్కో డ్రాయరూ తీసి పోల్చుకోవాలి. పళ్ళు, కీళ్ళ దగ్గరి చివర్లు అయితే తొందరగా దొరికిపోతాయి. రెయిన్‌డీర్ వెనక కాలికి గిట్టల పైన ఉండే పొడవాటి ఎముకకు ముందువైపు లోతైన గాడి ఉంటుంది. అది అలవాటయ్యాక చూడకుండా వేలితో తడిమి చెప్పేవాణ్ణి. ఎటొచ్చీ ఎముక నడిమి భాగం నుంచి విరిగిన చెక్కలతోనే ప్రాణం పోయేది. మొత్తంలో నాలుగో వంతుకు కూడా జంతువు పేరు రాయలేకపోయాను. మిగతావాటికి 'పెద్ద జంతువు', 'మధ్యరకం' అని రాసి ఊరుకున్నాను.

అసలు టెన్షన్ రెండో నెలలో మొదలైంది. గుహలో దొరికిందంటే మనిషి తిన్నట్టే అనుకుంటాం కదా. కానీ ఆ గుహల్లో మనిషి లేని రోజుల్లో హైనాలు, తోడేళ్ళు మకాం పెట్టేవి. హైనాను మనవాళ్ళు దుమ్ములగొండి అన్నారు. దుమ్ము అంటే ఎముకే. ఆ పేరు పెట్టినవాళ్ళు దాని భోజనం దగ్గర నుంచి చూసే ఉంటారు.

కాబట్టి ప్రతి ముక్క మీదా గీతలు వెతకాలి. నాకు పద్నాలుగు ముక్కల మీద కత్తి గాట్లు కనిపించాయి. సంబరంగా మా గైడ్‌కు చూపించాను. ఆవిడ దీపాన్ని పక్కవాటుగా పెట్టి ఒక్కొక్కటే తీసి అవతల పెట్టడం మొదలుపెట్టారు. కొన్ని గీతల లోపలి రంగు ఎముక రంగు కంటే తెల్లగా ఉంది, అంటే తవ్వినవాళ్ళ తాపీ తగిలి పడినవి. కొన్ని జంతువులు తొక్కితే ఇసుక రాసుకుని పడినవి, వాటికి లోతూ లేదు, ఒక దిక్కూ లేదు. చెకుముకి రాతి అంచుతో కోసిన గాటు అడుగున సన్నగా ఉంటుంది, లోపల ఇంకా సన్నని చారలు వరసగా కనిపిస్తాయి. పైగా అది కీలు దగ్గరో, కండ అంటుకునే చోటో ఉంటుంది. చివరికి నాకు మిగిలినవి ఐదు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆ ఐదింటిలో ఒకటి నన్ను గట్టెక్కించింది. బైసన్ అంత పెద్ద జంతువు కాలి ఎముక చెక్క. దాని మీద రెండు గాట్లు, వాటిని అడ్డంగా నొక్కుతూ ఒక పంటి గుంట. మైక్రోస్కోప్ కింద చూస్తే గుంట పైన ఉంది, గాటు దాని కింద నలిగిపోయింది. అంటే ముందు కోసింది మనిషి, వదిలేశాక కొరికింది దుమ్ములగొండి.

మధ్యలో ఒకరోజు మాతో పచ్చి ఆవు ఎముకలను రాతితో పగలగొట్టించారు, విరుగుడు తీరు తెలియాలని. పచ్చి ఎముక మెలితిరిగినట్టు, నున్నటి అంచుతో విరుగుతుంది. ఎండింది అడ్డంగా, గరుకుగా విరుగుతుంది. నల్లి బొక్క కొట్టుకుని తిన్న ఇంట్లో పెరిగిన నాకు ఇది లెక్కా అనుకున్నాను. ఆరు దెబ్బలు పట్టింది, ఒకటి నా బొటనవేలి మీద పడింది.

ఈ పగలగొట్టుడు ఎంత పెద్ద పనో జర్మనీలోని నోయ్‌మార్క్-నోర్డ్ అనే తవ్వకాల చోటు చెబుతుంది. 1,25,000 ఏళ్ళ కిందట అక్కడి చెరువు ఒడ్డున నియాండర్తల్ మనుషులు కనీసం 172 పెద్ద జంతువుల ఎముకలు చేర్చారు. మూలుగ తీశాక కూడా వదలలేదు. ఎముకలను చిన్న ముక్కలుగా నలగ్గొట్టి, నీళ్ళలో వేడిచేసి కొవ్వు తీశారని 2025లో వచ్చిన పరిశోధన చెప్పింది. కొవ్వు, పిండిపదార్థం లేకుండా చియ్య మాంసం ఒక్కటే తింటూ పోతే మనిషి నీరసించి జబ్బుపడతాడు. అందుకే అంత తాపత్రయం. మా ఇంట్లో పాయ ఉడికేటప్పుడు పైకి తేలే జిడ్డు గుర్తొచ్చింది.

వైవాలో ఒకే ప్రశ్న భయపెట్టింది: "అయితే వీళ్ళు మాంసమే తిన్నారంటావా?" దుంపలకు, గింజలకు ఎముకలుండవు, అందుకే నా పెట్టెలో అవి కనిపించవన్నాను. బెల్జియంలోని స్పీ గుహలో దొరికిన నియాండర్తల్ పళ్ళ గారలో మొక్కల పిండి రేణువులు బయటపడ్డాయని కూడా చెప్పాను. ప్రశ్న అడిగినాయన తల ఊపి పేజీ తిప్పారు.

పాసయ్యాక పెట్టె తిరిగి ఇచ్చేయాలి. ముక్కలన్నీ నంబర్ల వరసలో సర్దాను. గాటో కాదో నాకూ, మా గైడ్‌కూ తేలని పదకొండు ముక్కలు మిగిలాయి. వాటిని వేరే కవర్లో వేసి, 'మళ్ళీ చూడాలి' అని తేదీ రాసి, పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టాను.