నెల్లూరు నుంచి ఎనిమిది పాటల ఆల్బమ్: నా అనుభవం

సినిమాతో సంబంధం లేకుండా, నేనే రాసి, బాణీ కట్టి, పాడిన ఎనిమిది పాటలు ఆల్బమ్‌గా వచ్చాయి. ఎలా చేశావని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి రాస్తున్నా. పాటలు ఎలా పుట్టాయన్నది వదిలేస్తాను, అందులో ఎవరి దారి వాళ్లది.

గొంతు ఇంట్లోనే రికార్డు చేశాను. మా ఇల్లు ట్రంకు రోడ్డుకు దగ్గర, పగలంతా హారన్లే. అందుకని రాత్రి పొద్దుపోయాక కిటికీలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి పాడేదాన్ని. మే నెలలో నెల్లూరులో ఫ్యాను లేకుండా ఒక్క చరణం పాడి చూడండి, తెలుస్తుంది. డ్రమ్స్, వయొలిన్, మిక్సింగ్ మాత్రం చెన్నైలో. హైదరాబాద్ కంటే మాకు అదే దగ్గర. మా నాన్న ఇప్పటికీ మద్రాసనే అంటారు.

ఎక్కువ కష్టపడింది మిక్సింగ్ దగ్గరే. ఇంజనీరు గారికి తెలుగు రాదు. వాద్యాలన్నీ బ్రహ్మాండంగా కుదిర్చారు గానీ, పల్లవిలో మాటలు డ్రమ్స్ కింద మునిగిపోయాయి. భాష తెలియకపోతే గొంతు కూడా ఇంకో వాద్యమే కదా, ఆయన్ని అని లాభం లేదు. ఏ నిమిషం, ఏ సెకను దగ్గర ఏ మాట వినపడటం లేదో పాటపాటకీ కాగితం మీద రాసిచ్చాను. సరిచేశాక ఫోన్ స్పీకర్లో, ఆటోలో, బ్లూటూత్‌లో విన్నాను. సౌండ్ ఇంకా పెంచమంటే మాత్రం ఆయన ఒప్పుకోలేదు. స్పాటిఫై మామూలుగా పాటలన్నిటినీ మైనస్ 14 లఫ్స్ (సౌండ్ ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) దగ్గరికి సర్దుతుందట. మనం ఎంత పెంచినా అక్కడ తగ్గిపోతుంది, నలిగిన శబ్దమే మిగులుతుంది.

ఒక పాట ముందు పొడుగాటి ఆలాపన ఉంది. 30 సెకన్లు వింటేనే స్పాటిఫైలో ఒక స్ట్రీమ్, అంటే ఒకసారి విన్నట్టు లెక్క, కోసెయ్యమని చాలామంది చెప్పారు. కోయలేదు.

అప్‌లోడ్‌కి ముందే పాటల రాబడిలో ఎవరి వాటా ఎంతో రాసుకున్నాం. రెండు పాటల్లో చరణాలు రాసిన కుర్రాడు "మనలో మనకి కాగితాలేందక్కా" అన్నాడు. మనలో మనకి కాబట్టే కావాలన్నాను. 2012 కాపీరైట్ సవరణ తర్వాత, రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీ హక్కును వారసులకో, ఐపీఆర్‌ఎస్ లాంటి, రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడం కుదరదు. ఈ సంగతి మన ఊళ్లలో రాసేవాళ్లకి ఎవరూ చెప్పరు.

పాటల్ని స్పాటిఫై లాంటి ఆన్‌లైన్ స్టోర్లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్‌కి 24 బిట్ వేవ్ ఫైళ్లు, 3000 పిక్సెళ్ల చదరపు కవరు పంపాను. ఏ రికార్డింగ్ ఏదో గుర్తుపట్టడానికి పాటపాటకీ ఉండే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ వాళ్లే ఇచ్చారు. కవరు మాత్రం తిరిగొచ్చింది. డిజైన్ చేసిన ఫ్లెక్సీ షాపు అబ్బాయి మూలన తన ఫోన్ నంబరు వేసేశాడు! స్టోర్లు కవరు మీద నంబర్లు, వెబ్‌సైట్లు, ధరలు ఒప్పుకోవు. "నంబరు లేకపోతే ఎవరు చేశారో ఎట్ట తెలుస్తాదక్కా?" అని చాలాసేపు బాధపడ్డాడు. మా వైపు పెళ్లి ఫ్లెక్సీ మీద కూడా నంబరుంటుంది మరి.

2015 నుంచి ప్రపంచమంతా కొత్త ఆల్బమ్‌ల విడుదలకు మామూలుగా శుక్రవారమే. ఆ రోజుకి చాలా ముందుగానే అప్‌లోడ్ చేసుకోవాలి. ఎందుకంటే స్పాటిఫైలో ప్లేలిస్టులు తయారుచేసేవాళ్లకి మన పాట పంపాలంటే కనీసం వారం ముందు పంపమంటారు, అదీ ఆల్బమ్ మొత్తానికి ఒక్క పాటే. అమ్మ ఒకటంటే తమ్ముడు ఇంకోటన్నాడు. చివరికి ఆలాపన పాటే పంపాను. ప్లేలిస్టులోకి తీసుకోలేదు.

శుక్రవారం వచ్చేసరికి ఒక స్టోర్లో నా పాటలు అదే పేరున్న ఇంకో గాయని పేజీలో పడ్డాయి. మెయిల్ మీద మెయిల్ పెడితే మార్చారు. ఆ టెన్షన్‌లో పొద్దున శుభాకాంక్షలు చెప్పినవాళ్లకి సరిగ్గా బదులు కూడా ఇవ్వలేదు.

ఇక డబ్బు సంగతి. 12 నెలల్లో 1000 స్ట్రీమ్‌లు దాటని పాటకి స్పాటిఫై ఏమీ ఇవ్వదు. నావి సగం దాటాయి. మిగతావాటి సాహిత్యం తెలుగు లిపిలో ఎక్కించాల్సి ఉంది. ఈ నెల ఆ పని మీద కూర్చుంటాను.