పన్నెండు మెట్లు, ఒక తడి గోడ

తెల్లారకముందే హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో అచ్చంపేట బస్సెక్కాం. మొత్తం ఆరుగురం. బొమ్మలేసేవాళ్లు ఇద్దరు, డప్పు కొట్టేవాళ్లు ఇద్దరు, వీళ్ల సంస్థ లెక్కలు రాసే మా మిత్రుడు, ఏ కళా రాని నేను. నాకు రంగు డబ్బాలు మోసే పని. వీళ్లంతా ఉద్యోగాలు చేసుకుంటూనే నెలకో శనివారం బొమ్మలు, పాటలు పట్టుకుని పాలమూరు పల్లెల్లోని బడులకు వెళ్లొస్తారు. ఎవరి టికెట్ వాళ్లదే.

ఆమనగల్లు దాటాక కునుకు పట్టింది. డిండి దగ్గర మెలకువొచ్చి నీళ్లు చూశాను. అచ్చంపేటలో ఆటో మాట్లాడుకుని, లింగాల వైపున్న ఒక ఊరి బడికి చేరాం.

మా పరువు పోయిన సంగతి ముందే చెప్పేస్తాను. వంటగది గోడ మీద నల్లమల అడవి వేయాలని ప్లాన్. పిల్లలు పోటీపడి చిరుతకు మచ్చలు పెడుతున్నారు. గంట తిరక్కుండానే దాని పొట్ట దగ్గర రంగు పెచ్చులుగా లేచింది. చెయ్యి పెడితే గోడంతా చెమ్మ. భోజనం వండే అవ్వ గరిటెతోనే బయటికొచ్చి చూసింది.

"గోడ గీకకుండ, సున్నం ఎయ్యకుండ రంగేస్తే నిలుస్తదా బిడ్డా? పట్నంల గిట్లనే ఏస్తరా?"

మా ఆర్టిస్టు నోరెత్తలేదు. ఇక ఆ పూటంతా గీకుడే. పాత కొడవళ్లు, కొబ్బరి పీచు, ఏది దొరికితే అది పట్టుకుని పిల్లలు గోడ మీద పడ్డారు. నిజం చెప్పొద్దూ, బొమ్మలేసేటప్పటికన్నా ఇప్పుడే ఎక్కువ నవ్వారు. మధ్యాహ్నం అవ్వ పెట్టిన జొన్నరొట్టె, పల్లీల తొక్కుతో మాకూ కోపాలు చల్లారాయి.

తర్వాత కిన్నెర అనే తీగ వాయిద్యం వాయించే పెద్దాయన వచ్చాడు. వెదురు బొంగు, దాని కింద మూడు ఆనిగెపుకాయ బుర్రలు. తీగ కింద వేళ్లు ఆనించే మెట్లలో ఒకటి కదిలిందని తేనెమైనం ముద్ద తీసి, బొటనవేలితో మెత్తగా నలిపి, మెట్టు కింద అద్ది, చెవి దగ్గర పెట్టుకుని తీగ మీటాడు. ఊహూఁ. మళ్లీ నలిపాడు. మూడోసారికి తలూపాడు. అంతసేపూ పిల్లలు కిక్కురుమనలేదు.

"పన్నెండు మెట్లు" అనగానే రెండో తరగతి పిల్ల అడిగింది: "ఎక్కనీకెనా తాతా?"

"చేతి ఏళ్లు ఎక్కుతయి బిడ్డా."

దర్శనం మొగులయ్యదీ ఇదే లింగాల మండలం, అవుసలికుంట. కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పకు బుర్రవీణ మీద అదే వచ్చింది. టీవీలో చూశామని పిల్లలే చెప్పారు. అయితే దగ్గర కూర్చుని తీగ ముట్టుకోవడం వాళ్లలో చాలామందికి ఇదే మొదలు.

సాయంత్రం రచ్చకట్ట మీద ఆట. శాలువాల తంతు నలభై నిమిషాలు తినేసింది, దాని గురించి రాయను. కిన్నెర మొదలవగానే వెనకనుంచి ఒక ముసలాయన "పండుగ సాయన్న చెప్పు" అని కేకేశాడు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పంచిన పాలమూరు సాయన్న కథ అది. పెద్దాయన ఒక్కో చరణం ఆపినచోటల్లా జనమే అందుకున్నారు. మా డప్పులకు పనే పడలేదు.

ఆటో ఎక్కబోతుంటే అవ్వ ఎదురొచ్చింది. "మల్ల ఎప్పుడొస్తరు?"

"వచ్చే నెల, అవ్వా" అంటూ మా మిత్రుడు జేబులోంచి నోటుబుక్కు తీసి, ఫోన్ వెలుగులో రాసుకున్నాడు: సున్నం, రెండు బస్తాలు.