మడత కత్తికి చెక్క పిడి: మూడో జత బిగించాను

మూడో జత పిడి చెక్కలు నిన్న రాత్రి బిగించాను. బొటనవేలితో తోస్తే బ్లేడు ఎక్కడా పట్టకుండా తెరుచుకుంటోంది, లాక్ టక్కుమని పడుతోంది. చూడటానికి మొదటి రెండు జతలే ఇంతకంటే నునుపుగా ఉండేవి. వాటికి పైవైపు మీద పెట్టిన శ్రద్ధ ఈసారి లోపలి వైపు మీద పెట్టాను.

ఇది మామూలు లైనర్ లాక్ కత్తి, అంటే బ్లేడు తెరిచాక లోపలి రేకు ఒకటి పక్కకు వచ్చి దాన్ని మడవకుండా ఆపుతుంది. రెండు స్టీలు రేకులు, మధ్యలో బ్లేడు, రేకుల మీద స్క్రూలతో బిగించిన ప్లాస్టిక్ పలకలు. ఆ ప్లాస్టిక్ తీసేసి చెక్క వేయాలి, అంతే. పాత పలకనే అచ్చుగా వాడాను. రెండువైపులా అంటుకునే టేపుతో దాన్ని చెక్కకు అతికించి, దాని రంధ్రాల్లోంచే డ్రిల్ చేస్తే కొలత తప్పదు. కింద మరో చెక్క ముక్క ఆనించి పట్టుకోవాలి, లేకపోతే బిట్టు అవతలికి వచ్చే చోట పెచ్చు లేస్తుంది.

మొదటి జత వాల్‌నట్, మందం 3 మి.మీ. గరుకు ఉప్పుకాగితం, నంబరు 120తో మొదలుపెట్టి నునుపైన 600 దాకా వెళ్లాను. అవిసె నూనె మూడు పూతలు వేశాను, కానీ పైవైపు మాత్రమే. లోపలి వైపు రేకుకు ఆనుకుని ఉంటుంది కదా, నూనె దేనికి అనుకున్నాను. రెండు వారాలకు స్క్రూలు లేని చోట అంచు లేచింది. వెలుతురుకు పట్టి చూస్తే రేకుకూ చెక్కకూ మధ్య గోరు దూరేంత సందు. నూనె ఉన్న వైపు తేమ నెమ్మదిగా ఎక్కుతుంది, పచ్చిగా వదిలేసిన వైపు త్వరగా ఎక్కుతుంది. ఒకవైపు ఎక్కువ ఉబ్బితే పలుచటి పలక వంగిపోతుంది. చెక్క నార పొడవునా దాదాపు కదలదు, కదలికంతా అడ్డంగానే. అందులోనూ చెట్టు ఏటేటా పెరిగిన వలయాల వెంబడి వచ్చే కదలిక, వలయాలకు అడ్డంగా వచ్చేదానికి సుమారు రెట్టింపు ఉంటుంది. అందుకే ఇప్పుడు ముక్క ఎంచుకునేటప్పుడు ముందు దాని కొన చూస్తున్నాను. వలయాల గీతలు పలక ముఖానికి నిలువుగా ఉన్నదే తీసుకుంటున్నాను.

రెండో జత రోజ్‌వుడ్. రెండు వైపులా నూనె పెట్టాను. రోజ్‌వుడ్‌లో సహజంగా ఉండే జిడ్డు వల్ల అవిసె నూనె త్వరగా ఆరదు, రోజుల తరబడి వేలికి అంటుతూనే ఉంది. దాని పొడి చర్మానికీ ఊపిరికీ మంచిది కాదు, మాస్కు లేకుండా రుద్దకండి. అయితే అసలు చిక్కు వచ్చింది బ్లేడు తిరిగే ఇరుసు దగ్గర. ఆ స్క్రూ తల చెక్కలోనే గుంట తీసి కూర్చోబెట్టాను. తేమ ఎక్కువైన రోజుల్లో చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుపోయింది, స్క్రూ కాస్త వదులు చేశాను. గాలి పొడిబారాక బ్లేడు అటూ ఇటూ ఊగింది. మళ్లీ బిగిస్తే తల కింద మిగిలిన 1.2 మి.మీ. చెక్క నార వెంబడి చీలింది.

అప్పుడు నాకు ఒపినెల్ కత్తి గుర్తొచ్చింది. 1890లో ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన ఆ కత్తికి రేకులు లేవు, పిడి మొత్తం ఒకే చెక్క ముక్క, ఇరుసు దాని గుండానే పోతుంది. తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. అలాంటప్పుడు పిడి వెనక కొనను గట్టి చోట కొడితే బ్లేడు కొంచెం బయటికి వస్తుంది, వాడేవాళ్లకు అది అలవాటే. నా కత్తికి రేకులు ఉన్నాయి, మరి బరువు చెక్క మీద ఎందుకు వేయాలి?

మూడో జతలో చేసింది అదే. ఇరుసు తల వ్యాసం 8 మి.మీ., చెక్కలో రంధ్రం 8.4 మి.మీ. తల నేరుగా స్టీలు రేకు మీద కూర్చుంటుంది, చెక్క ఎంత కదిలినా బ్లేడుకు సంబంధం లేదు. మిగతా స్క్రూలకు అడుగు చదునుగా గుంటలు తీశాను, తల అడుగు చదునుగా ఉన్న స్క్రూలే వేశాను. శంకువులాంటి తల మేకులా దూరి చెక్కను పగలగొడుతుంది.

ఎక్కువ సేపు పట్టింది లోపలి ముఖం చదును చేయడం. గాజు పలక మీద 240 ఉప్పుకాగితం అతికించి, చెక్క ముఖమంతా పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి, ఒత్తిడి పెట్టకుండా రుద్దాను. మొదట మధ్యలో గీతలు పోయాయి, నాలుగు అంచుల్లో నల్లగా మిగిలాయి. మళ్లీ గీసి మళ్లీ రుద్దాను. ఐదోసారికి గీతలన్నీ ఒకేసారి మాయమయ్యాయి. ఆ తర్వాత పలకను రేకు మీద పెడితే చిన్న చప్పుడు కూడా లేకుండా కూర్చుంది, ఆ క్షణం చాలా తృప్తిగా అనిపించింది.

మళ్లీ వాల్‌నట్‌కే వచ్చాను, రెండు వైపులా సమానంగా మూడు పలుచటి పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు. నూనె తుడిచిన గుడ్డలు ముద్ద చేసి పడేయకండి, అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకోవచ్చు. నేను విడివిడిగా పరిచి ఆరబెట్టాకే పారేస్తాను.

ఇంకా ఎడమ పలకలో లాక్‌ను వేలితో నొక్కడానికి తీసిన గాడి కొంచెం లోతు తక్కువైంది. రేపు గుండ్రటి ఆకురాయితో ఒక మిల్లీమీటరు తీసి, తెరుచుకున్న చెక్కకు మళ్లీ నూనె పట్టించాలి. తర్వాత తేమ పెరిగిన రోజున అంచు కింద పలుచటి కాగితం దూరుతుందేమో చూడాలి.