కాటా మీద 35 గ్రాములు

తెనాలిలో మాది చిన్న కిరాణా కొట్టు. నాన్నగారు పెట్టింది, పద్దెనిమిదేళ్లుగా నేను చూసుకుంటున్నాను. గల్లాపెట్టె వెనక అరలో పాలల్లో కలిపే పొడి డబ్బాలు వరసగా ఉంటాయి. సరుకు ఆర్డరు రాసుకునే కుర్రాడు దాన్ని ఇప్పటికీ 'హెల్త్ డ్రింకుల ర్యాక్' అనే అంటాడు. ఆహార భద్రత చట్టంలో ఆ మాటకి అసలు నిర్వచనమే లేదని, వీటిని ఆ పేరు కింద పెట్టి అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ సైట్లకి చెప్పింది. పేపర్లో చదివి మడిచి పక్కన పెట్టాను. మన కొట్టుకేం సంబంధం అనుకున్నాను.

సంబంధం మా పాప వల్ల వచ్చింది. దానికప్పుడు నాలుగేళ్లు. అన్నం ముద్ద నోట్లో పెడితే అరగంట బుగ్గనే పెట్టుకునేది. పోనీలే, పాలైనా తాగుతోందిగా అని పొద్దున ఒక గ్లాసు, బడి నుంచి వచ్చాక ఒకటి, పడుకునే ముందు ఇంకొకటి. మూడింట్లోనూ పొడి, పైన ఓ చెంచా పంచదార. డబ్బా కొట్లోదే కదా, లెక్కేముంది? ఒకసారి జ్వరమని పిల్లల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే, కింది రెప్ప లాగి చూసి రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 9.4. ఆ వయసుకి 11 అన్నా ఉండాలట.

"పాలు ఎన్ని తాగుతుంది?" అన్నారు. రోజుకి ముప్పావు లీటరని మా ఆవిడ గొప్పగానే చెప్పింది. ఆయన నవ్వలేదు. "పాలతోనే కడుపు నిండిపోతుంటే ఇంక అన్నం ఎక్కడ పడుతుందమ్మా? పాలల్లో కాల్షియం ఉంటుంది గానీ ఐరన్ దాదాపు ఉండదు." ఐరన్ సిరప్ రాసి, పాలు రెండు చిన్న గ్లాసులకి మించొద్దన్నారు.

ఆ రాత్రి కొట్టు కట్టేసే ముందు డబ్బా వెనక్కి తిప్పాను. ఎన్ని వందల డబ్బాలు అమ్మానో, ఆ చిన్న అక్షరాలు చదవడం మాత్రం అదే మొదలు. వంద గ్రాముల పొడిలో కలిపిన చక్కెర 32 గ్రాములు. గ్లాసుకి 20 గ్రాముల పొడి వేస్తే ఆరు గ్రాముల పైన, మా ఆవిడ వేసే చెంచా ఇంకో అయిదు. మూడు గ్లాసులకీ కలిపి కాటా మీద పొట్లం కాగితం పరిచి పంచదార పోశాను. 35 దగ్గర ఆగాను. మా కాటా అయిదేసి గ్రాముల లెక్కే చూపిస్తుంది, ఓ గ్రాము అటూ ఇటూ. పాప బుల్లి గుప్పిళ్లతో రెండు నిండుగా వస్తుంది. రోజుకి!

"మీ ముగ్గురూ రాగి జావ తాగే పెరిగార్రా" అంది అమ్మ. ఆ మాట అనడానికి ఎన్నాళ్లుగా కాచుకుని ఉందో. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. రాగుల బస్తా ఉన్నది నా కొట్లోనే. మొదటిరోజు మాత్రం పరువు పోయింది. మరుగుతున్న నీళ్లలో నేరుగా పిండి పోసేశాను. గోళీల్లా ఉండలు కట్టింది. పాప ఒక ఉండ ఉమ్మేసి "మట్టి" అంది. పిండిని ముందు చన్నీళ్లలో జారుగా కలిపి, సన్నటి ధారగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాలని అమ్మ చూపించింది. ఇప్పుడు రాగులు రాత్రంతా నానబెట్టి మూట కడుతోంది. మొలకలొచ్చాక నీడన ఆరబెట్టి, దోరగా వేయించి మర పట్టిస్తాం. ఆ పిండితో కాస్తే జావ పలచగా, కాస్త తియ్యగా వస్తుంది. పాపకి పొద్దున చిటికెడు బెల్లంతో, సాయంత్రం మజ్జిగా ఉప్పూ వేసి. మా పక్కింటి పిల్లాడు చదివే సర్కారు బడిలో 2023 మార్చిలోనే వారానికి మూడు రోజులు జావ పోయడం మొదలుపెట్టారు. మేమేమో డబ్బా పాలు పట్టిస్తూ వాడికంటే మెరుగనుకున్నాం.

మా అమ్మదీ ఒక తప్పుంది. తను టీ తాగేటప్పుడల్లా సాసర్లో రెండు గుక్కలు పాపకీ పోసేది. అన్నంతో పాటు టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదని డాక్టరు గారు అదీ మాన్పించారు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండమన్నారు. నిమ్మ యార్డున్న ఊళ్లో అదెంత పని!

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఓఆర్‌ఎస్ అని రాసున్న తియ్యటి అట్టపెట్టె డ్రింకులు నేనూ అమ్మాను. ఎవరి పిల్లకో విరేచనాలంటే నా చేత్తోనే ఇచ్చాను. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు వాటి మీద ఎనిమిదేళ్లు పోరాడితే, 2025 అక్టోబరులో ఆ పేరు అలా వాడకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆర్డరిచ్చింది. అసలైన ఓఆర్‌ఎస్‌లో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే. అంతకంటే చాలా తియ్యగా ఉన్నది పోస్తే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయట. ఇప్పుడెవరైనా అడిగితే ఎదురుగా ఉన్న మందుల షాపు చూపించి, లీటరు నీళ్లలో కలిపే పొడి ప్యాకెట్టు అడగమంటున్నాను.

డబ్బాలు అమ్మడం మానేశానా అంటే, లేదు. నేను మానేస్తే పక్క కొట్లో కొంటారు, దాంతో పాటు నెల సరుకూ అక్కడికే పోతుంది. "ఏది మంచిదన్నా?" అని అడిగినవాళ్లకి మాత్రం వెనక వైపు చూపిస్తున్నాను. ఫ్రిజ్ కింది అరలో, సరిగ్గా మూడడుగుల పిల్ల కంటికి ఆనేచోట ఉండే పది రూపాయల మామిడి డ్రింకు ప్యాకెట్లు పైకెక్కించి, అక్కడ మజ్జిగ ప్యాకెట్లు పెట్టాను.

ఆర్నెల్లకి పాప హిమోగ్లోబిన్ 11.2కి వచ్చింది. మామిడి ప్యాకెట్టు మాత్రం వదల్లేదు. ఆదివారం ఒక్కటి అని ఒప్పందం. దానికీ మా ఆవిడ ఒక రూలు పెట్టింది: సొంత కొట్టైనా సరే, పది రూపాయలు దాని కిడ్డీ బ్యాంకులోంచి తెచ్చి గల్లాపెట్టెలో వెయ్యాలి. పోయిన ఆదివారం నాణెం చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత వేరుశెనగ చిక్కీ కొనుక్కుంది.