ముందు భోజనం, తర్వాతే మాట

నేను సన్నబడుతున్నానని సంఘంలో అందరూ మెచ్చుకుంటున్న రోజులవి. "ఉపవాసాల ఫలం పాస్టరమ్మా, మొహంలో వెలుగొచ్చింది" అంది ఒకావిడ. ఆ వెలుగు రోజూ సాయంత్రం వచ్చే జ్వరం. రాత్రయితే చెమటకి దిండు తడిసిపోయేది. దగ్గుకైతే ఇంట్లో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో కారణం ఉండేది. కూడికల్లో గట్టిగా పాడానని ఒకరు, ప్రార్థనలో గొంతెత్తానని ఇంకొకరు, వాతావరణం మారిందని మా అత్తగారు.

మా ఆయన పాస్టరు. పిలుపు ఆయనొక్కడికే వచ్చిందని, నేను వెంట వచ్చానని చాలామంది అనుకుంటారు. నిజానికి నేను పెళ్లికి ముందే, కాలేజీలో చదివేటప్పుడు ఒక యువజన కూడికలో మోకరించి, ఆడవాళ్లకి వాక్యం బోధిస్తానని దేవుడికి మాటిచ్చాను. పాస్టరమ్మనయ్యాక ఆ ఒక్క పని చుట్టూ ఎన్ని పనులు చేరాయో! సండే స్కూలు, స్త్రీల కూడిక, బాలింతల్ని చూసి రావడం, భార్యాభర్తల గొడవలు, అర్ధరాత్రి ఫోన్ మోగితే ప్రార్థన విన్నపం. ఒంట్లో బాగోలేదని చెబితే "మీరే అలా అంటే మా గతేంటమ్మా" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాట విన్నాక మళ్లీ లేచి చెప్పులు వేసుకోక తప్పదు.

ఒకరోజు చర్చి మెట్లు ఎక్కుతూ సగంలో కూర్చుండిపోయాను. ఊపిరి అందలేదు. పైన పాట మొదలైపోయింది. బలమివ్వమని అడగడానికి కూడా ఓపిక లేదు. "ఇక చాలు ప్రభువా" అనుకున్నాను, అంతే.

ఎక్స్‌రే తీశారు, కళ్లె పరీక్ష చేశారు. టీబీ అని తేలింది.

డాక్టరుగారు చాలా మామూలుగా చెప్పారు. "పూర్తిగా నయమయ్యే జబ్బు. ఆరు నెలలు మందులు వాడాలి. బాగుందని మధ్యలో ఆపితే మాత్రం మొండికేస్తుంది, తర్వాత ఈ మందులు పనిచేయకపోవచ్చు." మా ఆయన తల ఊపుతున్నారు. నా బుర్రలో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. ఉపవాసం ఉండి స్వస్థత కోసం పదిమందికి ప్రార్థన చేసే మనిషికి టీబీ ఏంటి? సంఘానికి ఏమని చెప్పాలి?

చెప్పడం మా ఆయనే చెప్పారు, ఆదివారం ప్రకటనల్లో, దాచకుండా. పిల్లలకి పరీక్షలు చేశారు. జబ్బు లేదని తేలాక ముందుజాగ్రత్తగా వాళ్లకీ మందులిచ్చారు. నేను మొదటి కొన్ని వారాలు వేరే గదిలో, కిటికీలు తెరుచుకుని, ఎవరైనా వస్తే మాస్కు పెట్టుకుని ఉన్నాను. బయటికి వెళ్లొచ్చని డాక్టరుగారు చెప్పాక మొదటిసారి ప్రభువు బల్లకి, అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకి వెళ్తే, నా గిన్నె విడిగా ఒక పళ్లెంలో పెట్టి ఉంది. టీబీ గాలి ద్వారా అంటుకుంటుంది, దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వచ్చే తుంపరలతో. గిన్నెలు, గ్లాసులు, పళ్లాల వల్ల అంటుకోదు. పైగా మందులు సరిగ్గా పడితే కొన్ని వారాలకే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ఇదంతా నాకు తెలుసు, ఆ గిన్నె పెట్టినావిడకి తెలియదు. తీసుకున్నాను. గొంతు దిగడానికి కాస్త టైం పట్టింది.

ఆ వేరే గదిలో ఉన్నప్పుడే ఏలీయా ప్రవక్త కథ కొత్తగా చదివాను. బైబిల్లో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. నేనే ఎన్నిసార్లో బోధించిన భాగం అది. కర్మెలు కొండ మీద ఆయన ప్రార్థనకి అగ్ని దిగిన తర్వాత యెజెబెలు రాణి బెదిరిస్తే పారిపోయి, బదరీవృక్షం కింద పడుకుని "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అంటాడు. కూడికల్లో మేము ఎప్పుడూ గబగబా హోరేబు కొండకి వెళ్లిపోతాం. పెనుగాలి, భూకంపం, అగ్ని, ఆ తర్వాత మెల్లని స్వరం. బోధకులకి అక్కడే రుచి. కానీ ఆ స్వరానికి ముందు ఏం జరిగింది? దూత వచ్చి తట్టి "లేచి భోజనం చెయ్యి" అన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి తల దగ్గరే ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్లీ అదే మాట, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని. చనిపోతానన్న మనిషిని గద్దించలేదు, విశ్వాసం ఏమైందని అడగలేదు. "ఇక్కడేం చేస్తున్నావు ఏలీయా" అన్న ప్రశ్న తర్వాతెప్పుడో కొండ మీద వస్తుంది. ముందు తిండి, నిద్ర, మళ్లీ తిండి.

నా అప్పం రోజూ పొద్దున్నే పరగడుపున మింగే మాత్రలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, ఆ తర్వాత నాలుగు నెలలు వాటిలో కొన్ని తగ్గించి. వికారం, కీళ్ల నొప్పులు. కాళ్లు తిమ్మిరెక్కకుండా ఒక విటమిన్ మాత్ర. రంగులు తేడాగా కనిపిస్తే వెంటనే రమ్మన్నారు, ఒక మందు కంటి నరం మీద పనిచేయొచ్చట. రిఫాంపిసిన్ అనే మందు ఒంట్లోంచి వచ్చే ప్రతి నీటికీ రంగు పులుముతుంది. మూత్రం ఎర్రబడుతుందని ముందే చెప్పారు. ఒకరోజు ప్రార్థనలో ఏడ్చి తెల్ల చేతిరుమాలుతో తుడుచుకుంటే దాని మీద నారింజ రంగు మరకలు! భయపడి మా ఆయన్ని పిలిచాను. ఆయన చూసి, "నీ కన్నీళ్లకి కూడా మందు వేస్తున్నారన్నమాట" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. జబ్బుపడి ఏడ్చి ప్రార్థించిన హిజ్కియా రాజుతో దేవుడు "నీ కన్నీళ్లు చూశాను" అన్న మాట ఆ రాత్రి నాకు వేరేగా వినిపించింది.

హిజ్కియా సంగతి ఇంకోటి ఉంది. మందులు మొదలుపెట్టి రెండు నెలలు దాటేసరికి దగ్గు పోయింది, ఆకలి వచ్చింది. అప్పుడు వేరే సంఘం నుంచి ఒక పెద్దాయన వచ్చారు. "చెల్లీ, స్వస్థత వచ్చేసిందిగా, ఇంకా మాత్రలేంటి? ఆపెయ్యి, అదే సాక్ష్యం" అన్నారు. ఆయన మంచి మనిషే. కానీ ఆ సలహా విని మందులాపి, మొండి టీబీతో తిరిగొచ్చిన వాళ్లని ఎవరూ స్టేజీ ఎక్కించి మైకు ఇవ్వరు. నేను బైబిలు తీసి చూపించాను. హిజ్కియాకి పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు మాటిచ్చిన తర్వాతే, అదే అధ్యాయంలో, యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానం ఉందిగా, ముద్ద ఎందుకని రాజు అడగలేదు. "అయ్యా, నా ముద్ద ఇంకా నాలుగు నెలలుంది" అన్నాను. ఆయన టీ తాగి వెళ్లిపోయారు.

మాలాంటి వాళ్లకి డేవిడ్ బ్రెయినార్డ్ కథ చిన్నప్పటి నుంచీ చెబుతారు. అమెరికా ఆదివాసుల మధ్య సేవ చేస్తూ, రక్తం కక్కుతూ కూడా గుర్రం మీద తిరిగి, 1747లో 29 ఏళ్లకే క్షయతో చనిపోయాడు. ఆయనంటే నాకు గౌరవం. కానీ ఆయన మింగడానికి మాత్ర లేదు. ఆ జబ్బు క్రిమిని కోచ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టింది 1882లో, దాన్ని చంపే స్ట్రెప్టోమైసిన్ దొరికింది 1943లో. ఉంటే ఆయన మింగేవాడు కాదని ఎవరైనా ఎలా చెప్పగలరు? అరిగిపోవడమే భక్తి అని ఆ కథతో మా ఆడవాళ్లకి బోధిస్తుంటే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది.

బలం వచ్చింది. ఒక్కసారిగా మాత్రం రాలేదు. యెషయా గ్రంథం 40వ అధ్యాయంలో పక్షిరాజులా ఎగరడం, అలయక పరుగెత్తడం అయ్యాక చివరికి "సొమ్మసిల్లక నడిచిపోవుదురు" అని ఉంటుంది. నాకు ఆ చివరి మాటే దక్కింది. మెట్ల మధ్యలో ఆగకుండా పైకి వెళ్లిన రోజు మా చిన్నది చప్పట్లు కొట్టింది.

ఏలీయాకి కొండ మీద దేవుడు మూడు పనులు చెప్పాడు. సిరియాకి రాజుగా హజాయేలుకి అభిషేకం, ఇశ్రాయేలుకి రాజుగా యెహూకి అభిషేకం, తన స్థానంలో ప్రవక్తగా ఎలీషాకి అభిషేకం. లెక్క చూస్తే ఆయన తన చేతులతో మొదలుపెట్టింది ఎలీషాని పిలవడమొక్కటే. హజాయేలు రాజవుతాడని చెప్పింది ఎలీషా, యెహూ తల మీద నూనె పోసింది ఎలీషా పంపిన ఒక కుర్రాడు. అయినా ఏలీయా పిలుపు తప్పాడని బైబిల్లో ఎక్కడా లేదు. నేను మంచం మీద ఉన్నప్పుడు సండే స్కూలు ఆగలేదు, ఇద్దరు అమ్మాయిలు నడిపారు. నాకంటే బాగా నడిపారని పిల్లలే చెప్పారు, కాస్త గుచ్చుకుంది కూడా. లేచాక దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఇళ్లకి వెళ్లి చూసి రావడం ఇంకో అక్క చూసుకుంటోంది. రాత్రి ఫోన్ మా ఆయన దగ్గర ఉంటుంది. నేను మొదట ఒప్పుకున్న పనే చేస్తున్నాను, కుర్చీలో కూర్చుని ఆడవాళ్లకి వాక్యం చెబుతాను.

చివరి పరీక్షలో క్రిములు లేవని వచ్చింది. ఎక్స్‌రేలో మచ్చ ఉంటుందట, ఫర్వాలేదన్నారు.

ఉపవాస ప్రార్థనలు మళ్లీ పెట్టాం. మొదలయ్యే ముందు నేను లేచి, రెండు వారాలకి మించి దగ్గు ఉన్నవాళ్లు, ఊరికే బరువు తగ్గుతున్నవాళ్లు ఉపవాసం ఉండొద్దు, ముందు కళ్లె పరీక్ష చేయించుకోండి, మీ కోసం మేం ప్రార్థన చేస్తాం అని చెబుతున్నాను. పోయినసారి ఒకావిడ నొచ్చుకుని మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. మర్నాడు ఫోన్ చేసి, పరీక్షకి తనతో రాగలరా పాస్టరమ్మా అని అడిగింది. వెళ్లాం. ఆవిడ రిపోర్టు రేపు వస్తుంది.