35 పిచ్‌లా, 38 పిచ్‌లా: లిటిల్ లీగ్ మేనేజర్‌గా నా అనుభవం

సీజన్ నిన్నటితో ముగిసింది. లిటిల్ లీగ్ అంటే పిల్లల బేస్‌బాల్. అందులో 9 నుంచి 12 ఏళ్లవాళ్లు ఆడే మేజర్స్ డివిజన్‌లో టీమ్‌ నడపడం నాకిదే మొదటిసారి. వచ్చే ఏడు మనవాళ్లెవరైనా పిల్లల కోసం మేనేజర్‌గా దిగాలనుకుంటే, నేను పడ్డ గోతిలో వాళ్లు పడకూడదని మంట చల్లారకముందే రాస్తున్నాను.

చేరడం సులువు. వాలంటీర్ ఫారం, బ్యాక్‌గ్రౌండ్ చెక్, పిల్లల భద్రత మీద ఆన్‌లైన్ శిక్షణ, అంతే. ఒకే చెక్క ముక్కతో చేసినవి తప్ప, బ్యాట్లకు 2018 నుంచి యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర తప్పనిసరి. మేజర్స్‌లో పొడవు 33 అంగుళాలు దాటకూడదు. రూలుకు సరిపడని బ్యాట్ సంచిలో కనబడితే ఆటకు ముందే తీసి కారులో పెట్టేయండి. అలాంటి బ్యాట్‌తో ఆడినట్టు తేలితే బ్యాటర్ అవుట్.

లైనప్ రాయడం కూడా కష్టం కాదు. ఆటకు వచ్చిన ప్రతి పిల్లాడూ, పిల్లా కనీసం 6 అవుట్లు పడేదాకా ఫీల్డింగ్‌లో ఉండాలి, ఒక్కసారైనా బ్యాటింగ్‌కు వెళ్లాలి. ఇన్నింగ్స్‌కు 3 అవుట్లు కాబట్టి ప్రతి ఒక్కరికీ రెండు పూర్తి ఇన్నింగ్స్ ముందే కాగితం మీద రాసేసుకుంటే గొడవ లేదు. ఆట 6 ఇన్నింగ్సే. 10 పరుగుల తేడా వస్తే నాలుగో ఇన్నింగ్స్‌కే ముగిసిపోవచ్చు. అందుకని బెంచి మీద మొదలుపెట్టిన పిల్లల్ని మూడో ఇన్నింగ్స్‌కల్లా దింపండి. చివరి రెండు ఇన్నింగ్స్‌లో ఆడిద్దాంలే అని ఆగితే ఆ రెండూ రాకుండానే పోతాయి.

బేస్ (రన్నర్ వరుసగా తాకుతూ వెళ్లాల్సిన నాలుగు గుర్తుల్లో ఒకటి) ముందుగా వదలడం గురించి ఒక మాట. టీవీలో పెద్దవాళ్ల ఆట చూసినవాళ్లు ఇక్కడే తికమకపడతారు. మేజర్స్‌లో బంతి బ్యాటర్‌ను చేరేదాకా రన్నర్ బేస్ వదలకూడదు. వదిలితే అంపైర్ ఎర్ర గుడ్డ కింద పడేస్తాడు. అది అవుట్ కాదు, ఆట అక్కడ ఆగదు. ఆడాల్సినదంతా ఆడాక రన్నర్లను ఎక్కడ నిలబెట్టాలో ఆయన చెబుతాడు. బేస్‌లన్నీ నిండి ఉన్నప్పుడు ఒకరు ముందుగా కదిలి, బంతి ఇన్‌ఫీల్డ్ దాటకుండానే అందరూ క్షేమంగా చేరారనుకోండి, హోమ్ (పరుగు పూర్తయ్యే చివరి బేస్) తాకిన పిల్లాడిని అవుట్ లేకుండా, పరుగు లేకుండా డగౌట్‌కు పంపేస్తారు. తల్లిదండ్రులు కేకలేస్తారు, కానీ రూలు అదే. ఈ ఒక్కటి మ్యాచ్‌కు ముందే వాళ్లకు చెప్పి ఉంచండి.

ఇక నన్ను నలుగురిలో తలదించుకునేలా చేసిన సంగతి పిచ్ కౌంట్. అంటే పిచ్చర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు) బ్యాటర్‌కు వేసే బంతుల లెక్క. ఒక్కో బంతీ ఒక పిచ్.

2007కు ముందు పిచ్చర్‌ను ఇన్నింగ్స్ లెక్కన ఆపేవాళ్లు. ఆ ఏడాది నుంచి పిచ్‌ల లెక్క వచ్చింది. లీగ్ ఏజ్ 9, 10 అయితే రోజుకు 75, 11, 12 అయితే 85. లీగ్ ఏజ్ అంటే పిల్లాడికి ఇవాళ ఉన్న వయసు కాదు, ఆ ఏడాది ఆగస్టు 31 నాటికి నిండే వయసు. ఏప్రిల్‌లో పదేళ్లవాడు లీగ్ లెక్కలో పదకొండేళ్లవాడు కావచ్చు. ఆ తర్వాత విశ్రాంతి లెక్క ఉంది. 14 ఏళ్లు, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లకు 20 వరకు విశ్రాంతి అక్కర్లేదు. 21 నుంచి 35కి ఒక రోజు, 36 నుంచి 50కి రెండు రోజులు, 51 నుంచి 65కి మూడు, 66 నుంచి పైకి నాలుగు. ఇవి క్యాలెండర్ రోజులు, గంటలు కావు. గురువారం 35 వేస్తే శుక్రవారం విశ్రాంతి, శనివారం వేయొచ్చు. గురువారం 36 వేస్తే శనివారం కూడా కూర్చోవాలి, ఆదివారమే మళ్లీ మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) మీదికి. ఒక్క పిచ్ తేడాతో శనివారం ఆట చేజారిపోతుంది.

మా పిచ్చర్ గురువారం నాలుగు ఇన్నింగ్స్ వేశాడు. నాలుగో ఇన్నింగ్స్ మూడో అవుట్ తీసిన వెంటనే ఆపించాను. నా స్కోర్‌బుక్‌లో 35. లీగ్ చిట్టాలో, అవతలి టీమ్ స్కోరర్ రాసిన లెక్క ప్రకారం, 38. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. శనివారం మరో టీమ్‌తో ఆట. మావాడు మొదటి బ్యాటర్‌కు 4 పిచ్‌లు వేశాడో లేదో, అవతలి మేనేజర్ టైమ్ (ఆటకు విరామం) అడిగి, చిట్టా ఫొటో అంపైర్‌కు చూపించాడు. 38, రెండు రోజులు. అంపైర్ నా పుస్తకం అడిగాడు. ఇచ్చాను. తిరగేసి, "ఇందులో లెక్కే లేదు కదా" అన్నాడు. అందరూ వింటుండగా.

ఆయన అన్నది నిజమే. బాల్ అంటే గురి తప్పిన, బ్యాటర్ కొట్టబోని పిచ్; నాలుగు పడితే బ్యాటర్‌కు మొదటి బేస్. స్ట్రైక్ అంటే బ్యాటర్ వదిలేసిన సరైన పిచ్, లేదా కొట్టబోయి తప్పినది; మూడు పడితే అవుట్. ఫౌల్ అంటే బ్యాట్‌కు తగిలి హద్దు గీతల బయట పడినది; రెండు స్ట్రైక్‌ల తర్వాత అది మూడోదిగా లెక్కకు రాదు. మామూలు స్కోర్‌బుక్‌లో ఒక్కో బ్యాటర్ గడిలో బాల్స్‌కు మూడు, స్ట్రైక్స్‌కు రెండు చిన్న పెట్టెలే ఉంటాయి. రెండు స్ట్రైక్‌ల తర్వాత ఎన్ని ఫౌల్‌లు కొట్టినా వాటికి చోటుండదు. బ్యాట్‌కు తగిలి ఆటలోకి వెళ్లిన పిచ్‌కూ చోటుండదు. పెట్టెల్లో గీతలు కూడి, మిగతావి గుర్తున్నంతవరకు కలుపుకుంటూ పోతే ఆట ముగిసేసరికి కొన్ని పిచ్‌లు మాయమవుతాయి. నా దగ్గర మాయమైనవి మూడు: ముందెక్కడో ఆటలోకి వెళ్లిన పిచ్ ఒకటి, చివరి బ్యాటర్ రెండు స్ట్రైక్‌ల తర్వాత కొట్టిన ఫౌల్‌లు రెండు. 38 అన్న స్కోరర్ లెక్క సరైనదే. అది ఒప్పుకుంటాను.

ఒప్పుకోనిది మరొకటుంది. 38 అయినా సరే, మావాడు శనివారం వేయడానికి అర్హుడే. ఒక బ్యాటర్‌ను ఎదుర్కొంటూ ఉండగా పిచ్చర్ 20, 35, 50, 65లలో ఏదైనా గీతను (విశ్రాంతి రోజులు మారే హద్దును) చేరితే, ఆ బ్యాటర్ బేస్ చేరేదాకా, లేదా అవుటయ్యేదాకా, లేదా ఇన్నింగ్స్ ముగిసేదాకా వేయవచ్చు. ఇంకో బ్యాటర్‌కు పిచ్ వేయకముందే దింపేస్తే, చేరిన గీతకు ఎంత విశ్రాంతో అంతే. మావాడి చివరి బ్యాటర్ 33 దగ్గర మొదలయ్యాడు. స్ట్రైక్, స్ట్రైక్, ఫౌల్, ఫౌల్, స్ట్రైక్. ఐదు పిచ్‌లు, 38. రెండో స్ట్రైక్‌తో 35 గీత వచ్చింది, ఆ బ్యాటర్‌తోనే ఆపాం. కాబట్టి ఒక్క రోజు విశ్రాంతి చాలు. ఈ రూలు నాకు ఆ పూట తెలియదు. తెలిసినా నిరూపించలేను, ఏ బ్యాటర్ ఎన్నో పిచ్ దగ్గర వచ్చాడో నా పుస్తకంలో లేదు. లీగ్ చిట్టాలోనూ దానికి గడి లేదు: పేరు, మొత్తం, విశ్రాంతి రోజులు, అంతే. పిల్లల మోచేతుల కోసం పెట్టిన రూలును సగం రాసే చిట్టా పెట్టుకుని, సీజన్ పొడుగునా దాని మీద ఒక్క మాట చెప్పని లీగ్ పెద్దల మీద నాకు కోపం ఉంది, దాచుకోను. నన్ను మేనేజర్‌గా తీసుకున్న రోజు తాళాలు, బంతుల బకెట్ చేతిలో పెట్టి, "రూల్స్ అన్నీ ఫోన్‌లో ఉంటాయి" అన్నారు. అంతే.

పిల్లాడిని దింపేశారు. మేజర్స్‌లో మౌండ్ దిగిన పిచ్చర్ అదే ఆటలో మళ్లీ పిచ్చర్‌గా రాలేడు. తర్వాత తప్పు తేలినా ఆ పూటకు లాభం లేదు. పదకొండేళ్ల పిల్లాడు, తను చేసిన తప్పేమీ లేకుండా, బంతి నా చేతిలో పెట్టి రైట్ ఫీల్డ్‌కు నడుచుకుంటూ వెళ్లాడు.

అక్కడితో ఆగలేదు. కంగారులో క్యాచర్‌ను (వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక పిచ్‌లు అందుకునేవాడిని) పిచ్చర్ చేశాను. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ ఇన్నింగ్స్ క్యాచ్ చేసినవాడు ఆ రోజు పిచ్ చేయకూడదు. వాడు అందుకున్నది 4 పిచ్‌లే, ఒక ఇన్నింగ్స్ కింద లెక్క, ఇబ్బంది లేదు. కానీ క్యాచర్‌గా ఉండి వచ్చినవాడు 21 పిచ్‌లు వేస్తే ఆ రోజు మళ్లీ క్యాచర్ కాలేడు. 20 గీత చేరిన బ్యాటర్‌తోనే ఆపి ఉంటే దక్కేవాడు. నేను 27 దాకా వేయించాను. అలా పావుగంటలో పిచ్చర్‌నూ పోగొట్టుకున్నాను, క్యాచర్‌నూ పోగొట్టుకున్నాను. క్యాచర్‌గా మొదలెట్టకుండా నేరుగా పిచ్ చేసినవాడికి గీత వేరు: 41 వేస్తే ఆ రోజు క్యాచర్ స్థానం మూసుకుపోతుంది. ఈ రెండు అంకెలూ కలిపేసుకోకండి.

ప్రొటెస్ట్ (అంపైర్ నిర్ణయం మీద లీగ్‌కు చేసే ఫిర్యాదు) సంగతి కూడా చెప్పాలి. ఆదివారం ఉదయం రూల్‌బుక్ ముందు పెట్టుకుని, అన్ని వివరాలతో లీగ్ ప్రెసిడెంట్‌కు రాశాను. తిప్పి పంపారు. రాయడానికి 24 గంటల గడువు ఉన్న మాట నిజమే, కానీ అంతకుముందు మైదానంలో, తర్వాతి పిచ్ పడకముందే, "ప్రొటెస్ట్ కింద ఆడుతున్నాం" అని అంపైర్‌కు చెప్పి ఉండాలి. నేను చెప్పలేదు. అంపైర్ కంటికి ఎలా కనబడిందన్న దాని మీద (బాలా, స్ట్రైకా, అవుటా, సేఫా) ప్రొటెస్ట్ ఉండదు. రూలును తప్పుగా వర్తింపజేస్తే ఉంటుంది. నాది సరిగ్గా అలాంటిదే, నోరు తెరవక పోగొట్టుకున్నాను. అనుమానం వస్తే ముందు ఆ మాట అనేయండి, రూలు తర్వాత వెతుక్కోవచ్చు.

క్రికెట్ అలవాటున్న మనకు ఓవర్ల లెక్క అంపైర్ చూసుకుంటాడన్న ధీమా ఉంటుంది. ఇక్కడ ఆ ధీమా పనికిరాదు. బ్యాటింగ్ వరుస తప్పి తప్పుడు బ్యాటర్ వచ్చినా అంపైర్ తనంతట తాను చెప్పడు, చెప్పకూడదు కూడా. పట్టుకోవాల్సింది మనమే, అది కూడా తర్వాతి పిచ్ పడకముందే.

ఆ శనివారం తర్వాత స్కోర్‌బుక్‌తో పిచ్‌లు లెక్కపెట్టడం మానేశాను. విడిగా ఒక కాగితం, పిచ్చర్‌కు ఒకటి. ఒక్కో బ్యాటర్‌కు ఒక వరుస: మొదలైన అంకె, పిచ్‌లకు గీతలు, ముగిసిన అంకె. ఫౌల్‌లు అన్నీ, ఆటలోకి వెళ్లిన పిచ్, బ్యాటర్‌కు తగిలిన పిచ్, అన్నిటికీ గీత పడాలి. ఇన్నింగ్స్ ముందు వేసే 8 వార్మప్ పిచ్‌లు, బేస్‌లకు విసిరినవి లెక్కలోకి రావు. కావాలని బ్యాటర్‌ను నడిపిస్తామని (పిచ్‌లు వేయకుండా మొదటి బేస్‌కు పంపేస్తామని) అంపైర్‌కు చెబితే మాత్రం, ఒక్కటి వేయకపోయినా 4 కలపాలి. 20, 35, 40, 50, 65, 85 అంకెలు కాగితం పైన ఎర్రగా రాసి ఉంచాను. ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి పక్కన పిల్లాడు సిద్ధంగా ఉంటాడు.

ప్రతి ఇన్నింగ్స్ ముగిశాక మా అసిస్టెంట్ కోచ్ అవతలి స్కోరర్ దగ్గరికి వెళ్లి రెండు అంకెలూ సరిచూసుకుంటాడు. తేడా వస్తే అప్పుడే, చివరి బ్యాటర్ ఇంకా అందరికీ గుర్తున్నప్పుడే తేల్చుకుంటారు. ఆట అయ్యాక ఇద్దరు మేనేజర్లం ఆ కాగితం మీద సంతకం పెట్టి, చిట్టాలో రాసే ముందు ఫొటో తీసుకుంటాం. సీజన్ చివరి ఆరు ఆటల్లో ఒక్క తేడా కూడా రాలేదు. మా కాగితాన్ని ఇంకో రెండు టీమ్‌లు అడిగి తీసుకున్నాయి. ఆ రోజు ఫొటో చూపించి టైమ్ అడిగిన మేనేజర్ వాటిలో ఒకాయన.